మా బావ అడిగిన మడ్‌ఫ్లాపులు

మా బావ వెంకటస్వామికి ఏ బండీ నడపడం రాదు. సైకిలు కూడా రాదంటే రాజోలు డిపోలో మా తోటి కండక్టర్లు ఎవరూ నమ్మేవారు కాదు. కాలవ లస్కరుకి బండి ఎందుకు, గట్టంట నడిచేవాడికి కాళ్ళు చాలవా అనేవాడు. అమలాపురం నుంచి ఐనవిల్లి వైపు వచ్చే కాలవ మీద కొంత మేర ఆయన హద్దు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా చూసుకోవడం, నీళ్ళు ముందు నాకంటే నాకని రైతులు కాట్లాడుకుంటే మధ్యన నిలబడి ఇద్దరికీ ఆయ్, ఆయ్ అని తలూపడం, ఇదీ ఆయన ఉద్యోగం. అంతకు ముందు వాళ్ళ నాన్న చేశాడు. ఎవరి మీదా గొంతు పెంచకుండా లస్కరు పని ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చాడో నాకు అర్థం కాదు. నేనైతే మొదటి వారంలోనే ఎవణ్ణో ఒకణ్ణి కాలవలోకి తోసేసేవాణ్ణి.

మా అక్క సత్యదుర్గ తీరు వేరు. పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. స్కూటీ ఎక్కిందంటే గట్టు మీద కోళ్ళు ముందే పక్కకి తప్పుకునేవి. బావ నడిచి వస్తూ కనిపిస్తే పక్కన ఆపి, ఎక్కుతారా, రేపటికి చేరతారా అని అడిగేది. ఆయన ఎక్కి, వెనక కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. పిల్లలు కలగలేదు. అందుకు వాళ్ళిద్దరూ బాధపడగా నేను చూడలేదు. ఊళ్ళోవాళ్ళే వాళ్ళ తరఫున ఆ బాధ కూడా పడేవారు.

జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలిన కొత్తలో అక్క చనిపోయింది. ముందురోజు గట్టిగా వాన పడి గట్టు రోడ్డంతా బురదయింది. అక్క పొద్దున్నే సెంటరుకి బయల్దేరింది. ఆమె ముందు మధుబాబు జీపు వెళ్తోంది. మధుబాబు రొయ్యల చెరువులు చేసే కుర్రాడు. చెరువు గట్ల మీద బురదలో తిరగాలి కదా అని నాలుగు చక్రాలూ లాగే జీపు కొన్నాడు. అక్కడితో ఊరుకోక దాన్ని ఎత్తు చేయించి, బాడీ దాటి బయటికి వచ్చే వెడల్పు టైర్లు వేయించాడు. చక్రాల వెనక బురదకి అడ్డంగా కంపెనీవాళ్ళు ఇచ్చిన మడ్‌ఫ్లాపులు ఆ టైర్లకి రాసుకుంటున్నాయని ఊడదీయించి షెడ్డులో పడేశాడు. ఇక అడ్డేముంది? గుంటలో దిగితే చాలు, ఆ టైర్లు బురదని ముద్దలు ముద్దలుగా లేపి వెనక్కి కొడతాయి.

గట్టు మీద గడ్డి కోసుకుంటున్న పాపాయమ్మ చూసింది. జీపు గుంటలో దిగి జోరందుకుందట. బురద లేచి అక్క ముఖమంతా కప్పేసిందట. కళ్ళద్దాలు తుడుచుకోడానికి అక్క ఒక చెయ్యి తీసిందట. బండి కాలవలోకి వెళ్ళిపోయింది. పాపాయమ్మ అరుపులకి మనుషులు పరిగెత్తుకొచ్చి దిగేసరికి బండి కింద అక్క ఉంది. జీపు ఆమెని తాకనైనా తాకలేదు. మధుబాబుకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. అద్దంలో చూస్తే వెనక బండి లేదండి, ఏ సందులోకో తిరిగేరనుకున్నాను అని మర్నాడు మా గుమ్మంలో నిలబడి తనే చెప్పాడు. చెప్పకపోతే ఎవరూ అతన్ని ఏమీ చేయగలిగేవారు కాదు. అయినా వచ్చాడు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

బావ ఏడవలేదు. దింపుడు కళ్ళం దగ్గర చెవిలో పేరు పెట్టి పిలవమన్నారు. పిలిచాడు. తూము దగ్గర అవతలి గట్టు రైతుని పిలిచే గొంతే అది. తర్వాత పరామర్శకి వచ్చిన వాళ్ళందరికీ ఆయ్ అన్నాడు. దేవుడు అన్యాయం చేసేడండి అంటే ఆయ్. బతికున్నన్నాళ్ళూ పువ్వులా చూసుకున్నారండి అంటే ఆయ్. ఏది జరిగినా మన మంచికేనండి అన్నాడొక మహానుభావుడు. దానికీ ఆయ్ అన్నాడు. ఆ మహానుభావుణ్ణి రెక్క పట్టుకుని వీధి గుమ్మం దాకా నేను సాగనంపాను.

పెద్దకర్మ అయిన మర్నాడే డ్యూటీకి వెళ్ళాడు. అదే కాలవ, అదే గట్టు. అక్కని బయటికి తీసిన చోటు దాటుకుంటూ వెళ్ళి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకుని, తలుపు కొంచెం దించి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. నేను సెలవు పెట్టుకుని, మా ఆవిడ వాణితో సహా అక్కడే ఉన్నాను. ఆ పూట వాణి కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. నేను ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాను. బావ అప్పటికే సగం తినేశాడు. ఎలా తిన్నారన్నయ్యగారూ అని అది ఏడుపు గొంతుతో అడిగితే, బానే ఉందమ్మా అన్నాడు. నాకు ఆ నిదానం చూస్తే ఒళ్ళు మండేది. గోడకేసి తల బాదుకున్నా బాగుండేది అనిపించేది. మనిషి బతికే ఉన్నాడు, లోపల ఎవరూ లేరు.

ఇలాంటివి మా వైపు పెద్దమనుషుల్లో పెడతారు. మధుబాబే పెట్టించాడు. కొబ్బరి వ్యాపారం చేసే అంజిబాబుగారి షెడ్డులో, కాయల రాశి పక్కన కుర్చీలు వేశారు. మధుబాబు తల దించుకుని, బాబాయిగారు ఏదంటే దానికి సిద్ధమండి అన్నాడు. అంజిబాబుగారు బావని అడిగారు. మళ్ళీ అడిగారు. మూడోసారి అడిగితే కండువా సర్దుకుని, చాలా మామూలుగా చెప్పాడు.

"బండికి మడ్‌ఫ్లాపులేయించండి బాబూ. నేను దగ్గరుండి చూసుకుంటాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం, ఇంకేదన్నా అడుగు వెంకటస్వామీ అని అంజిబాబుగారు నచ్చజెప్పారు. బావ ఇంకేమీ వద్దండి అన్నాడు. నా కోపం ముక్కు మీదే ఉంటుందని అక్క ఎప్పుడూ అంటూ ఉండేది. లేచి వెళ్ళి మధుబాబు కాలరు పట్టుకున్నాను. మా అక్క ప్రాణానికి రబ్బరు ముక్క ఖరీదు కడతావా అని అరిచాను. నిజానికి ఆ ఖరీదు కట్టింది మా బావ. మధ్యలో ఈ కుర్రాడి కాలరు ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. నలుగురూ విడదీశారు. మధుబాబు చొక్కా సర్దుకోలేదు. కూర్చో నాగబాబూ అన్నాడు బావ.

ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో చెప్పాడు. అది చెప్పాలంటే ముందు ఒండ్రు సంగతి చెప్పాలి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పొక్లెయిన్ పెట్టి పూడిక తీస్తారు. తీసిన ఒండ్రు రోడ్డుకి దూరంగా, గట్టు అవతలి వాలులో పోయాలి. కానీ కొబ్బరి రైతులకి ఆ ఒండ్రంటే ప్రాణం. పాదుల్లో వేస్తే చెట్టు కాపు బాగుంటుందని వాళ్ళ నమ్మకం. రోడ్డు వారన పోయించండి లస్కరుగారండీ, ట్రాక్టరెట్టి పట్టుకుపోతాం అని ఏటా బతిమాలతారు. ఏటా బావ ఆయ్ అంటాడు. ఏటా వాళ్ళు పట్టుకుపోతారు. ఈ ఏడూ సగం పట్టుకుపోయారు. మిగతా సగం ఇదిగో అదిగో అంటుండగానే వాన వచ్చి రోడ్డు మీదికి జారింది.

"ఆ మట్టి నేను పోయించిందేరా," అన్నాడు. "రబ్బరున్నా గానీ అది మీ అక్క మొకం దాకా వచ్చేదా, రాదా? నాకది తెలియాలి. వచ్చేదైతే, మీ అక్కని నా మట్టే తినేసింది."

రాకపోతే అని అడిగాను. బావ నడుస్తూ ఉన్నాడు.

ఒక్క క్షణం నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. నిజం చెప్పాలి కదా. ఆ తర్వాత భయం వేసింది. ఆయన లోపల ఎవరూ లేరనుకున్నాను గానీ, ఇన్నాళ్ళూ లోపల ఈ ఒక్క ప్రశ్నతో కూర్చున్నాడు. వీధిలోంచి ఎవరేం చెప్పినా వినబడక ఆయ్ అంటున్నాడు. ఆ రోజే ఐనవిల్లి వెళ్ళి విఘ్నేశ్వరుడికి మొక్కుకున్నాను, రబ్బరు వేశాక బురద లేవకుండా చూడు స్వామీ అని. లేవకపోతే తప్పు రబ్బరు పీకించినవాడిది. మా బావ తేలిక పడతాడు, నలుగురిలా ఏడుస్తాడు, ఉప్పు లేకపోతే లేదంటాడు. నాకు కావలసింది అంతే.

అమలాపురంలో ఎర్రవంతెన అవతల ఏసుదాసు షాపు. కార్లకి సీటు కవర్లు, లైట్లు, హారన్లు బిగిస్తాడు. మధుబాబు జీపు అక్కడ పెట్టి పక్కన నిలబడ్డాడు. నేనూ బావా బస్సు దిగి నడిచి వెళ్ళాం. ఏసుదాసుకి సంగతి తెలియదు. మంచి బేరం వచ్చిందనుకుని సరుకంతా బల్ల మీద పరిచాడు. కంపెనీ అచ్చులో పోసిన ప్లాస్టిక్‌వి ఉన్నాయి. చూడ్డానికి పొందిగ్గా ఉన్నాయి గానీ, అవి జీపుతో వచ్చే మామూలు టైర్లకి సరిపోతాయి, ఈ టైరు సగం బయటే ఉంటుంది. సింహాలూ పుర్రెలూ అచ్చేసిన రంగు రంగుల మెత్తటి రబ్బర్లు ఉన్నాయి. జోరుగా వెళ్తే గాలికి లేచిపోతాయని అమ్మేవాడే ఒప్పుకున్నాడు. మూలన లారీలకి వేసే దళసరి నల్ల రబ్బరు చుట్ట ఒకటి ఉంది.

ఏది పెద్దదండి అని అడిగాడు బావ. ఎంత అమాయకంగా అడిగాడంటే ఏసుదాసు నవ్వాడు. మరీ పెద్దదైతే బండి వెనక్కి తీసినప్పుడు టైరు కిందకెళ్ళి ఊడొచ్చేస్తాదండి, నేలకీ రబ్బరుకీ మధ్య జానెడన్నా ఉండాలి అని చెప్పాడు. బావ ఆ జానెడు ఖాళీలోంచి ఏదైనా వస్తుందా అని అడిగాడు. కిందకి పోతాదండి, పైకి లేవదు అన్నాడు ఏసుదాసు. బావ లారీ రబ్బరు దగ్గర గొంతుక్కూర్చుని దాని అంచు చేత్తో వంచి చూశాడు. అది వంగలేదు. ఇది వేయండి అన్నాడు.

"ఇంత మంచి బండికి అదాండీ?" అన్నాడు ఏసుదాసు. "పెళ్ళికొడుక్కి గోనెసంచి కట్టినట్టుంటాదండి."

మధుబాబు అదే వేసెయ్యమన్నాడు. అతని గొంతు విని ఏసుదాసు నా వైపు చూశాడు. నేను అతన్ని పక్కకి తీసుకెళ్ళి రెండు ముక్కల్లో చెప్పాను. ఆ తర్వాత షాపులో నవ్వులు లేవు. అప్పటిదాకా మోగుతున్న టీవీ కూడా అతనే కట్టేశాడు.

జాకీ వేసి వెనక చక్రాలు విప్పాడు. ముందు చక్రాలకి విప్పనక్కర్లేదట, స్టీరింగు ఒక పక్కకి తిప్పితే చెయ్యి పట్టేంత చోటు వస్తుంది. చక్రం పైన బాడీ లోపలి అంచుకి డ్రిల్లుతో కన్నాలు వేశాడు. రబ్బరు ఊగి టైరు మీదికి పోకుండా వెనకాల ఇనప పట్టీ పెట్టి, వెడల్పాటి వాషర్లు వేసి బోల్టులు బిగించాడు. టైరు బయటికి ఎంత వచ్చిందో రబ్బరు అంతకంటే రెండు వేళ్ళు ఎక్కువ రావాలి కాబట్టి, పట్టీని కూడా బయటికి సాగదీయాల్సి వచ్చింది. బావ ఒక్కో చక్రం దగ్గరికీ వెళ్ళి నిలబడ్డాడు. ఒక్కో రబ్బరూ బిగించాక అరచేత్తో నెట్టి చూశాడు. ఒక దగ్గర ఇంకొంచెం బయటికి రావాలండి అన్నాడు. ఏసుదాసు మారు మాట్లాడకుండా బోల్టులు విప్పి, కొత్త కన్నం వేసి మళ్ళీ బిగించాడు. టీ తెప్పించారు. బావ గ్లాసు చేతిలో పట్టుకుని చల్లారిపోయేదాకా అలాగే నిలబడి, తర్వాత నీళ్ళు తాగినట్టు తాగేశాడు.

మా వైపు మడ్‌ఫ్లాపు మీద పేరు రాయించడం రివాజు. పిల్లల పేర్లు, అమ్మానాన్నల ఆశీస్సులు, పోయినవాళ్ళ జ్ఞాపకాలు, ఆటో దగ్గర్నుంచి లారీ దాకా అన్నీ వెనక చక్రాల దగ్గరే ఉంటాయి. మధుబాబు చాలాసేపటి నుంచి ఏదో అడగాలని తంటాలు పడుతున్నాడు. చివరికి దగ్గరికి వచ్చాడు.

"బాబాయిగారండీ, మీరు ఒప్పుకుంటే దాని మీద పిన్నిగారి పేరు రాయిస్తానండి. బండి ఉన్నన్నాళ్ళూ ఉంటాది."

మంచి మనసుతోనే అడిగాడు. అలాంటప్పుడు మా వాళ్ళు ఎవరైనా చేసే పనే అది. బావ ఆ నల్ల రబ్బరు వైపు చూశాడు.

"బురద కొట్టే చోట ఆవిడ పేరెందుకు బాబూ," అన్నాడు.

మధుబాబు ముఖం చూస్తే నాకే జాలేసింది. అతని మీద జాలి పడే రోజు వస్తుందని నేను అనుకోలేదు. అతను జీపు చాటుకి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు.

మధ్యాహ్నం ముగ్గురం అదే జీపులో గట్టు మీదికి వెళ్ళాం. బావ ముందు సీట్లో కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు. రాత్రి కురిసిన వానకి రోడ్డు మళ్ళీ బురదయింది. రైతులు ఎవరూ పట్టుకుపోని ఆ ఒండ్రు ఇంకా వారనే ఉంది, రోడ్డు మీదికి జారుతూనే ఉంది. గుంట కూడా అదే. ఎవరూ పూడ్చలేదు. బావ జీపు దిగి గుంటకి కొంచెం వెనక్కి నడిచి, పాపాయమ్మ చూపించిన చోట ఆగాడు. లుంగీ ఎగగట్టాడు. అక్క స్కూటీ మీద కూర్చుంటే ముఖం ఎంత ఎత్తున ఉంటుందో చేత్తో చూసుకున్నాడు. తర్వాత ఆ బురదలో మోకాళ్ళ మీద నిలబడ్డాడు.

"ఆరోజు ఎంత జోరులో వెళ్ళేరో అంత జోరులోనే పోనివ్వండి బాబూ," అన్నాడు. "తగ్గించకండి."

మధుబాబు నా వల్ల కాదండి అన్నాడు. బావ బతిమాలలేదు, కోప్పడలేదు. అలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు. గట్టంట పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. చివరికి నేనే వెళ్ళి, పోనీ బాబూ, లేకపోతే ఈయన రాత్రిదాకా లేవడు అని చెప్పాను. మధుబాబు ఎక్కాడు. నేను బావ పక్కన నిలబడ్డాను. జీపు గుంటలో దిగి, గట్టిగా అరిచి, పైకి లేచి వెళ్ళిపోయింది. బురద లేచింది. లేచి ఆ నల్ల రబ్బరుకి కొట్టుకుని దబదబమని అక్కడికక్కడే రాలిపోయింది. కింది నుంచి చిమ్మింది కాస్త బావ మోకాళ్ళ దగ్గర పడింది. అంతకు మించి ఒక్క చుక్క రాలేదు.

నాకు ఊపిరి ఆడింది. నా మొక్కు ఫలించింది. పెద్దగా చెప్పాను, చూశావా బావా, రాలేదు, నీ తప్పు కాదు అని. ఆయన నా వైపు చూడలేదు. మధుబాబు జీపు ఆపి దిగబోతుంటే చెయ్యెత్తి, మళ్ళీ పోనివ్వండి అన్నాడు. జీపు వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అంతే. ఇంకోసారి అన్నాడు. అప్పటికి మధుబాబు స్టీరింగు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. అయినా పోనిచ్చాడు. రబ్బరుకి కొట్టుకున్న బురద రబ్బరు కిందే పడింది.

ఇక చాలు లే బావా అని జబ్బ పట్టుకున్నాను. లేవలేదు. నేను ఎంత మూర్ఖుణ్ణో నాకు అప్పుడు తెలిసింది. బురద వచ్చి ఉంటే ఆయనకి ఒక తప్పు దొరికేది, దాన్ని మోసుకుంటూ గట్టు మీద నడిచేవాడు. రాకపోయేసరికి మోయడానికి ఏమీ మిగల్లేదు. ఇలాంటి రబ్బరు ముక్క ఒకటి ఉండాల్సిన చోట ఉంటే, ఈపాటికి మా అక్క సెంటరు నుంచి ఇంటికొచ్చి ఉండేది.

"బతికేదేరా," అన్నాడు.

తర్వాత భుజం మీది కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. నుదురు, కళ్ళు, చెంపలు, మళ్ళీ కళ్ళు. తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆగి చూస్తున్నవాళ్ళలో ఒకావిడ బురద పడిందా బాబూ, నీళ్ళు తెమ్మంటారా అని నన్ను అడిగింది. పడలేదండి అన్నాను.